ఆదాయం – వ్యయం : హాస్టలు విద్యార్థికి జమాఖర్చుల పాఠం

ప్రతి ఉగాదికీ గుడి దగ్గర పంచాంగ శ్రవణం జరుగుతుంది. పంతులుగారు ఒక్కొక్క రాశికీ ఆదాయం ఇంత, వ్యయం ఇంత, రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత అని చదువుతారు. మన రాశికి ఆదాయం కంటే వ్యయం ఎక్కువని వస్తే ఆ పూటంతా ముఖం చిన్నబోతుంది. అయితే తమ్ముళ్ళారా, మన ఆదాయ వ్యయాలు తెలుసుకోవడానికి పంచాంగం అక్కర్లేదు. రెండు రూపాయల పెన్ను, పాత నోటుబుక్కులో మిగిలిపోయిన నాలుగు తెల్ల కాగితాలు చాలు.

ఈ హాస్టల్లో చదివి వెళ్ళిన పూర్వ విద్యార్థులం కొందరం కలిసి ఈ పాఠం రాస్తున్నాము. మాకు లెక్కల్లో మంచి మార్కులే వచ్చేవి. బారువడ్డీ, చక్రవడ్డీ లెక్కలు నల్లబల్ల మీద చకచకా చేసేవాళ్ళం. కానీ మా సొంత జేబు లెక్క మాత్రం మాకు తెలిసేది కాదు. దాని ఫలితం మా బ్యాచిలోనే చూశాము. మాతోపాటు పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైన మిత్రుడొకడు ఇంటర్లో చేరాడు. స్కాలర్‌షిప్పు వస్తుందన్న ధీమాతో రాకముందే ఖర్చు పెట్టాడు. అది ఆలస్యమయ్యేసరికి 3,000 రూపాయలు ఐదు రూపాయల వడ్డీకి తెచ్చాడు. అంటే నెలకు 150 రూపాయలు వడ్డీ. పది నెలలకు వడ్డీయే 1,500. ఇంట్లో చెప్పడానికి భయపడి, అప్పు తీర్చడానికి పనిలో చేరి, మళ్ళీ కాలేజీకి రాలేదు. తెలివి లేక కాదు, చదువు రాక కాదు. మూడు వేల రూపాయల దగ్గర ఒక చదువు ఆగిపోయింది. ఇంకొకరి చదువు అలా ఆగకూడదనే ఈ పాఠం.

1. మన తోటలే మన మొదటి పాఠం

మన జి. కొండూరు, మైలవరం, నూజివీడు ప్రాంతమంతా మామిడి తోటలు. మనలో చాలామంది తల్లిదండ్రులు ఆ తోటల్లోనే పనిచేస్తారు. తోట లెక్క ఎలా ఉంటుందో ఒకసారి చూద్దాం.

మామిడి డిసెంబరు, జనవరి నెలల్లో పూతకు వస్తుంది. కాయ ఏప్రిల్ నుంచి జూన్ దాకా నున్న మార్కెట్‌కు వెళుతుంది. అంటే రైతు చేతికి డబ్బు వచ్చేది రెండు మూడు నెలలే. ఖర్చు మాత్రం పన్నెండు నెలలూ ఉంటుంది. దుక్కి దున్నాలి, ఎరువు వేయాలి, పూత సమయంలో తేనె మంచు పురుగుకూ బూడిద తెగులుకూ మందు కొట్టాలి. పైగా బంగినపల్లి వంటి రకాలు ఒక ఏడు బాగా కాస్తే మరుసటి ఏడు తగ్గుతాయి.

కాబట్టి తెలివైన రైతు మే నెలలో వచ్చిన డబ్బును మే నెల డబ్బుగా చూడడు, పన్నెండు నెలల డబ్బుగా చూస్తాడు. మధ్యలో చేతిలో పైకం అయిపోయిన రైతు ఏం చేస్తాడు? కాయ దిగకముందే, పూత మీదనో పిందె మీదనో తోటను వ్యాపారికి అప్పగిస్తాడు. ఆ తర్వాత కాయ ధర పెరిగినా ఆ లాభం వ్యాపారిదే. తెగులు భయం తప్పించుకోవడానికి అలా ఇచ్చేవారూ ఉన్నారు, అది వేరే సంగతి. కానీ డబ్బు అవసరం తరుముకొచ్చి ఇచ్చేవాడికి బేరమాడే బలం ఉండదు.

ఇందులో మనం నేర్చుకోవలసినవి మూడు సంగతులు.
ఒకటి, డబ్బు వచ్చే రోజు వేరు, ఖర్చయ్యే రోజు వేరు. ఈ రెండింటికీ మధ్య వంతెన కట్టడమే బడ్జెట్.
రెండు, రాని డబ్బును వచ్చినట్టు లెక్క వేయకూడదు. పూత అంతా కాయ కాదు.
మూడు, చేతిలో కొంచెమైనా మిగులు ఉన్నవాడే బేరమాడగలడు.

2. బడ్జెట్ అంటే ఏమిటి?

బడ్జెట్ అనగానే ఢిల్లీలో ఆర్థిక మంత్రి చదివే పెద్ద లెక్క అనుకుంటాము. స్వతంత్ర భారతదేశపు మొదటి బడ్జెట్‌ను ఆర్.కె. షణ్ముఖం చెట్టి 1947 నవంబరు 26న ప్రవేశపెట్టారు. ఆ మాట పుట్టింది మాత్రం చిన్న తోలుసంచి అనే అర్థమున్న పాత ఫ్రెంచి మాట నుంచి. కనుక బడ్జెట్ అంటే మొదట సంచియే. దేశం సంచి పెద్దది, మన సంచి చిన్నది. లెక్క సూత్రం ఒకటే.

ఆదాయం – వ్యయం = మిగులు.
వ్యయం ఎక్కువైతే అది లోటు. లోటును పూడ్చడానికి తెచ్చేది అప్పు.

జమాఖర్చు రాయడం వేరు, బడ్జెట్ వేయడం వేరు. జరిగిపోయినదాన్ని రాస్తే జమాఖర్చు. జరగబోయేదాన్ని ముందే నిర్ణయించుకుంటే బడ్జెట్. మొదటిది రాకుండా రెండోది రాదు. కనుక మొదటి నెల ఏమీ మార్చుకోకండి. ఎలా ఖర్చు పెడుతున్నారో అలాగే పెట్టి, రాయడం మాత్రం చేయండి.

3. ఒక నెల పద్దు

తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడి నెల పద్దు ఉదాహరణగా ఇస్తున్నాము.

జమ:
పాత నిలువ – 20
రెండో ఆదివారం నాన్న ఇచ్చినది – 100
అమ్మమ్మ ఇచ్చినది – 50
బాబాయి పండక్కి ఇచ్చినది – 50
మొత్తం జమ – 220

ఖర్చు:
పెన్నులు, రీఫిళ్ళు – 25
జిరాక్సు – 12
ఊరికి వెళ్ళి రావడానికి బస్సు – 40
బజ్జీలు, చిరుతిండ్లు – 70
కూల్‌డ్రింకు – 20
స్నేహితుడికి చేబదులు – 20
మొత్తం ఖర్చు – 187

220 లోంచి 187 తీసేస్తే 33 ఉండాలి. జేబులో చూస్తే 18 మాత్రమే ఉన్నాయి. మిగతా 15 రూపాయలు ఎక్కడికి పోయాయి? రెండు రోజులు ఆలోచిస్తే గుర్తొచ్చింది, క్రికెట్ బంతికి వేసుకున్న చందా. అది కలిపితే ఖర్చు 202, నిలువ 18. లెక్క సరిపోయింది.

ఇక్కడ గమనించండి. మొదటి నెల రాసే ప్రతివారికీ ఇలా కొంత డబ్బు లెక్కకు దొరకదు. ఎవరో తీశారని పక్క మంచం వాడిని అనుమానించేది కూడా ఇలాంటప్పుడే. మా రోజుల్లో ట్రంకు పెట్టెలో డబ్బు పోయిందని జరిగిన గొడవల్లో సగం, రాయకుండా మరచిపోయిన ఖర్చులే. పద్దు రాసే అలవాటు డబ్బును కాపాడుతుంది, స్నేహాన్ని కూడా కాపాడుతుంది.

ఎలా రాయాలి? ఏ రోజుది ఆ రోజు, రాత్రి స్టడీ అవర్ అయిపోయాక రెండు నిమిషాల్లో రాయాలి. తేదీ, దేనికి, ఎంత – మూడు గడులు చాలు. రూపాయి ఖర్చయినా రాయాలి. సిగ్గుపడే ఖర్చు కూడా రాయాలి. ఆ పుస్తకం మీది, ఎవరికీ చూపించనక్కర్లేదు. అబద్ధం రాస్తే మోసపోయేది రాసినవారే.

4. అవసరం, కోరిక

నెల తిరిగాక ప్రతి పద్దు పక్కన 'అ' అని గానీ 'కో' అని గానీ రాయండి. 'అ' అంటే అవసరం, 'కో' అంటే కోరిక. లేకపోతే చదువో ఆరోగ్యమో ప్రయాణమో ఆగిపోయేది అవసరం. వాయిదా వేసినా ఏమీ ఆగనిది కోరిక.

కోరిక తప్పు కాదు. పదమూడేళ్ళ పిల్లవాడికి వేడి బజ్జీ తినాలనిపించడం నేరం కాదు. దాన్ని అసలే మానేయమని చెప్పే పెద్దల మాట ఎవరూ వినరు, మేమూ వినలేదు. మేము చెప్పేది ఒక్కటే, కోరికకు కూడా ఒక హద్దు ముందే గీసుకోండి. పైన చూపిన పద్దులో చిరుతిండికీ కూల్‌డ్రింకుకీ కలిపి 90 రూపాయలు పోయాయి. చదువుకు పోయింది 37. ఇది చూశాక ఏం చేయాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంకొక సంగతి. సబ్బు, నూనె, నోటుబుక్కులు, దుప్పటి, యూనిఫారం వంటివి హాస్టలు విద్యార్థికి ప్రభుత్వం నుంచి రావలసినవి. ఏది రావాలో, ఏది వచ్చిందో, ఏది సొంత డబ్బుతో కొన్నామో పుస్తకంలో రాసి ఉంటే వార్డెన్ గారిని మర్యాదగా, ఆధారంతో అడగవచ్చు. మనకు లెక్క తెలిసినప్పుడే హక్కును హక్కుగా అడగగలం.

5. వచ్చే నెల బడ్జెట్

ఇప్పుడు అదే విద్యార్థి వచ్చే నెలకు బడ్జెట్ వేసుకుంటాడు. నిలువ 18. నాన్న తప్పక ఇచ్చేది 100. అమ్మమ్మ ఇస్తుందో లేదో తెలియదు, లెక్కలోకి తీసుకోకూడదు. చేబదులు ఇచ్చిన 20 తిరిగి చేతికొచ్చేదాకా అదీ లెక్కలోకి రాదు. కనుక జమ 118.

మొదట పొదుపు – 20
బస్సు – 40
పెన్నులు, జిరాక్సు – 20
చిరుతిండి – 30
మొత్తం – 110
అనుకోని ఖర్చుకు – 8

పొదుపును మొదట రాశాము, చివర కాదు. నెలాఖరున మిగిలితే దాచుదాం అనుకుంటే ఎప్పటికీ మిగలదు. అమ్మమ్మ 50 రూపాయలు ఇస్తే అందులో సగం పొదుపుకు, సగం మీ ఇష్టం.

నెలకు 20 చొప్పున పది నెలలకు 200. ఇదేం పెద్ద డబ్బు అనిపించవచ్చు. కానీ పదో తరగతి పరీక్షలప్పుడు అట్ట, జామెట్రీ బాక్సు, పెన్నులు కొనుక్కోవడానికి ఇంటికి కబురు చేయకుండా సరిపోతుంది. ఆ కబురు వెళ్ళని రోజున మీ అమ్మ ఇంకొకరి దగ్గర చేయి చాచనక్కర్లేదు.

6. అనుకోని రోజు

2024 సెప్టెంబరు మొదట్లో వచ్చిన వరద మన మండలంలో ఎవరూ మరచిపోరు. బుడమేరు పొంగి, కవులూరు దగ్గర డైవర్షన్ కాలువకు మూడు గండ్లు పడ్డాయి. ఆ నీరు విజయవాడ సింగ్‌నగర్ దాకా ముంచింది. గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా వచ్చింది. ముందు రోజు వరకూ అంతా మామూలే. మరునాటికి ఎన్నో ఇళ్ళలో బియ్యం, బట్టలు, పుస్తకాలు నీళ్ళపాలు.

అలాంటి రోజుకు ఎంత దాచినా సరిపోదు, ప్రభుత్వమూ సమాజమూ నిలబడవలసిందే. అయినా మొదటి రెండు రోజుల బస్సు చార్జీ, మందుబిళ్ళ, పాల ప్యాకెట్టు చేతిలో డబ్బున్న ఇంటికే ముందు దొరుకుతాయి. అందుకే పొదుపులో కొంత భాగానికి 'ముట్టరాని డబ్బు' అని పేరు పెట్టుకోండి. జ్వరం, ఇంట్లో ఆపద, అత్యవసర ప్రయాణం – ఈ మూడింటికే దాన్ని తీయాలి. తీస్తే మరుసటి నెల నుంచి మళ్ళీ నింపాలి.

7. వడ్డీ లెక్క – అందరికీ రావలసినది

పుస్తకంలో వడ్డీని ఏడాదికి శాతంగా చెబుతారు. మన ఊళ్ళలో మాత్రం నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెబుతారు. ఈ రెండు భాషలూ రావాలి. నెల వడ్డీని 12తో గుణిస్తే ఏడాది శాతం వస్తుంది.

రూపాయి వడ్డీ – ఏడాదికి 12 శాతం
రెండు రూపాయలు – 24 శాతం
మూడు రూపాయలు – 36 శాతం
ఐదు రూపాయలు – 60 శాతం
పది రూపాయలు – 120 శాతం

మరొక తేలిక లెక్క. 100ను వడ్డీ రూపాయలతో భాగిస్తే, ఎన్ని నెలల్లో వడ్డీ అసలుతో సమానమవుతుందో తెలుస్తుంది. రెండు రూపాయల వడ్డీకి 50 నెలలు. ఐదు రూపాయల వడ్డీకి 20 నెలలు. పది రూపాయల వడ్డీకి పదే నెలలు. ఇది బారువడ్డీ లెక్క. వడ్డీ కట్టకపోతే దాన్ని అసలులో కలిపి తిరగరాస్తారు, అప్పుడది చక్రవడ్డీ అవుతుంది, ఇంకా త్వరగా రెట్టింపవుతుంది.

పావలా వడ్డీ అనే మాట మీ అమ్మల దగ్గర విని ఉంటారు. 2004 తర్వాత మన రాష్ట్రంలో మహిళా సంఘాలకు వచ్చిన పథకం అది. నూటికి నెలకు పావలా అంటే ఏడాదికి 3 శాతమే. పదివేలకు మూడు రూపాయల వడ్డీ అయితే ఏడాదికి 3,600. పావలా వడ్డీ అయితే 300. తేడా 3,300 రూపాయలు. అప్పు అదే, మనిషీ అదే. ఎక్కడ తెచ్చామన్నదే తేడా.

అప్పు అదుపు తప్పితే ఏమవుతుందో మన జిల్లా చరిత్రే చెబుతుంది. అప్పుడు మనది కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్‌లో జి. కొండూరు ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. 2006 మార్చిలో కృష్ణా జిల్లా యంత్రాంగం సూక్ష్మరుణ సంస్థల శాఖలు సుమారు 50 మూయించింది. అధిక వడ్డీలు, వసూళ్ళలో బలవంతం అన్న ఫిర్యాదులే కారణం. ఒకే ఇంటికి రెండు మూడు చోట్ల అప్పులు, ఒక అప్పు తీర్చడానికి ఇంకొక అప్పు – ఇదీ అప్పటి పరిస్థితి. నాలుగేళ్ళకు ఇదే సమస్య రాష్ట్రమంతటా పెరిగి, 2010 అక్టోబరులో ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల నియంత్రణకు ఆర్డినెన్సు తెచ్చింది.

అందుకని ఈ మూడు మాటలు గుర్తుంచుకోండి.
అప్పు తీర్చడానికి అప్పు చేయకూడదు.
ఖాళీ ప్రోనోటు మీద సంతకం గానీ వేలిముద్ర గానీ వేయకూడదు. అమ్మానాన్నలకు చదువు రాకపోతే మీరు చదివి వినిపించి, అంకెల్లోనూ అక్షరాల్లోనూ మొత్తం రాశాకే వేయించండి.
తీర్చిన ప్రతి రూపాయికీ రసీదు గానీ ప్రోనోటు వెనుక చెల్లు గానీ రాయించుకోవాలి.

మీరు ఇంకా 18 ఏళ్ళు నిండనివారు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరుతో చేసుకున్న అప్పు ఒప్పందం చెల్లదు. అంటే మీకు అప్పు ఇస్తామని ఎవరైనా వెంటపడితే వాళ్ళ ఉద్దేశం మంచిది కాదని అర్థం. ఇది ఎగ్గొట్టడానికి చెప్పే మాట కాదు, వలలో పడకుండా ఉండడానికి చెప్పే మాట.

8. పొదుపు చేసిన అమ్మలు

నెల్లూరు జిల్లా దూబగుంట పేరు వినే ఉంటారు. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడికి వెళ్ళిన కూలి తల్లులు, వాచకంలో సారా వల్ల ఒక కుటుంబం ఎలా చితికిపోయిందో చెప్పే పాఠం చదివారు. ఇది మన కథే కదా అనుకున్నారు. ఊరి సారా దుకాణాన్ని మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలులోకి వచ్చింది. సారాకు పోయే డబ్బులో రోజుకు ఒక రూపాయి దాచుకుందామని నెల్లూరు జిల్లా మహిళలు పొదుపు సంఘాలు పెట్టారు. ఆ పొదుపు తర్వాత రాష్ట్రమంతా పాకింది. ఇవాళ మీ అమ్మ డ్వాక్రా గ్రూపు అంటున్నదానికి వెనుక ఈ చరిత్ర ఉంది.

ఆలోచించండి. వాళ్ళు కూలి తల్లులు. చాలామందికి అప్పుడప్పుడే అక్షరాలు వస్తున్నాయి. ఒక్క పాఠం చదివి లెక్క వేసుకున్నారు, డబ్బు ఎటు పోతోందో గుర్తుపట్టారు, ఆ దారిని మూశారు. మనం ఈ పాఠంలో చేస్తున్నదీ అదే.

మనం ఎక్కడ దాచుకోవచ్చు? ట్రంకు పెట్టెలో వంద రూపాయలకు మించి ఉంచవద్దు. పదేళ్ళు నిండిన పిల్లలు తమ పేరున పోస్టాఫీసులో పొదుపు ఖాతా తెరవవచ్చు, 500 రూపాయలతో మొదలవుతుంది. బ్యాంకుల్లో కూడా పదేళ్ళు దాటినవారు సొంతంగా ఖాతా నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2014లో చెప్పింది, 2025 ఏప్రిల్‌లో మళ్ళీ స్పష్టం చేసింది. కనీస నిలువ అక్కర్లేని ఖాతాలు కూడా ఉన్నాయి, అడగండి.

నెలనెలా కట్టే పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌కు కనీసం నెలకు 100 రూపాయలు, గడువు ఐదేళ్ళు. 2023 అక్టోబరులో నిర్ణయించిన 6.7 శాతం వడ్డీ లెక్కన, నెలకు 100 చొప్పున 60 నెలలు కడితే కట్టింది 6,000, చేతికి వచ్చేది సుమారు 7,136. హాస్టలు పిల్లవాడికి నెలకు వంద కష్టం కావచ్చు. కానీ ఇప్పుడు ఉద్యోగాలు చేస్తున్న పూర్వ విద్యార్థులు తమ ఇంట్లో చదువుకుంటున్న ఒక తమ్ముడి పేరో చెల్లెలి పేరో మీద ఇది కట్టవచ్చు.

9. ఫోను చేతికి వచ్చాక

ఇప్పుడు డబ్బు నోటు రూపంలో కనపడకుండానే ఖర్చవుతోంది. 2016లో యూపీఐ వచ్చాక బడ్డీకొట్టు దగ్గరా ఫోనుతో కట్టేస్తున్నాము. నోటు తీసి ఇస్తుంటే కలిగే బాధ ఫోను నొక్కితే కలగదు. అందుకే ఫోనుతో కట్టిన ఖర్చును తప్పకుండా పుస్తకంలో చేత్తో రాయండి.

డబ్బు పెట్టి ఆడే ఫోను ఆటలు జూదమే. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ వంటివాటిని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. అయినా వేరే పేర్లతో వస్తూనే ఉంటాయి. మొదట యాభై గెలిపిస్తారు. అది గాలానికి గుచ్చిన ఎర.

ఐదు నిమిషాల్లో అప్పు ఇస్తామనే యాప్‌లు ఫోనులోని ఫోటోలు, నంబర్లు తీసుకుని తర్వాత బెదిరిస్తాయి. అలా జరిగితే మనసులో పెట్టుకుని కుమిలిపోవద్దు. వార్డెన్ గారికో, ఉపాధ్యాయుడికో, మాలో ఒకరికో చెప్పండి. డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత అవకాశం. డబ్బు పోయినా సంపాదించవచ్చు, మీరు మాకు ముఖ్యం.

ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. డబ్బు రావడానికి పిన్ నొక్కనక్కర్లేదు. పిన్ నొక్కమన్నారంటే మన డబ్బు పోతోందని అర్థం.

10. మొదటి పెద్ద డబ్బు

పదో తరగతి దాటాక చాలామందికి మొదటిసారి వేల రూపాయలు ఒక్కసారిగా ఖాతాలో పడతాయి. స్కాలర్‌షిప్పు పథకాల పేర్లు ప్రభుత్వాలతో మారుతుంటాయి. ఉదాహరణకు 2020లో మొదలైన వసతి దీవెన పథకంలో ఐటీఐకి ఏడాదికి 10,000, పాలిటెక్నిక్‌కు 15,000, డిగ్రీ ఆ పైన 20,000 రూపాయలు రెండు విడతలుగా ఇచ్చేవారు. పేరు ఏదైనా, మొత్తం ఎంతైనా మూడు సంగతులు మారవు. డబ్బు విడతలుగా వస్తుంది. అనుకున్న తేదీకి రాకపోవచ్చు. ఖర్చు మాత్రం రోజూ ఉంటుంది.

ఒక విడతగా 7,500 వచ్చిందనుకోండి. అది ఐదు నెలలకు సరిపోవాలి. ముందుగా ముట్టరాని డబ్బు 1,000 పక్కన పెట్టాలి. పరీక్ష ఫీజుకూ పుస్తకాలకూ 1,500 పెట్టాలి. మిగిలిన 5,000ను ఐదుతో భాగిస్తే నెలకు 1,000. మా మిత్రుడికి ఈ భాగహారం ఎవరైనా చెప్పి ఉంటే, ఆ ముట్టరాని డబ్బు వెయ్యి చేతిలో ఉండి ఉంటే ఐదు రూపాయల వడ్డీ గడప తొక్కేవాడు కాదేమో.

ఖాతాకు ఆధార్ అనుసంధానం సరిగా ఉందో లేదో ముందే చూసుకోండి. రెండేళ్ళపాటు ఏ లావాదేవీ జరపకపోతే ఖాతా నిద్రావస్థలోకి వెళుతుంది. అప్పుడప్పుడు కొంచెమైనా వేస్తూ తీస్తూ ఉండాలి.

11. అంబేద్కర్ గారి పైకం

మన హాస్టలు గోడ మీద పటంలో ఉన్న డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ ఆర్థిక శాస్త్రవేత్త అని ఎందరికి తెలుసు? 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో ఆయన న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. తిండి ఖర్చు తగ్గించుకుని పాత పుస్తకాలు కొన్నారు. 1916లో లండన్ చేరారు. గడువు అయిపోయి 1917లో చదువు మధ్యలోనే తిరిగి రావలసి వచ్చింది. అంతటి విద్యార్థికే డబ్బు అడ్డం పడింది. ఆయన ఆగిపోలేదు. 1918 నుంచి 1920 వరకు బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో పాఠాలు చెప్పి, జీతంలోంచి కూడబెట్టి, కొల్హాపూర్ మహారాజు సహాయం, మిత్రుడి దగ్గర అప్పు కలుపుకుని 1920లో మళ్ళీ లండన్ వెళ్ళారు. 1923లో ఆయన పరిశోధన గ్రంథం అచ్చయింది. దాని విషయమే రూపాయి సమస్య.

ఆయన కూడా అప్పు చేశారు కదా అని అడగవచ్చు. చేశారు, చదువు పూర్తి చేయడానికి. ఎంత కావాలో, ఎందుకు కావాలో, ఎలా తీర్చాలో తెలిసి చేసిన అప్పు వేరు. నలుగురిలో గొప్పగా కనపడడానికి చేసిన అప్పు వేరు.

12. ఒక నిజం

పద్దు రాస్తే పేదరికం పోతుందా? పోదు. కూలి రేట్లు తక్కువైతే, పంట పోతే, ఇంట్లో జబ్బు చేస్తే, ఎంత చక్కగా రాసినా లోటు లోటే. పేదవాడు దుబారా చేసి పేదవాడయ్యాడని ఎవరైనా అంటే నమ్మకండి. మన అమ్మానాన్నల కంటే పొదుపుగా బతికేవారు ఎవరున్నారు? పద్దు చేసేది ఇంకొక పని. ఉన్న కొంచెం డబ్బు మన మాట వినేలా చేస్తుంది. మనకు రావలసినది రానప్పుడు ఆధారంతో అడిగే ధైర్యం ఇస్తుంది. చిన్న మొత్తం దగ్గర పెద్ద చదువు ఆగిపోకుండా చూస్తుంది.

అభ్యాసం

1. ఈ నెల మొదటి తేదీ నుంచి 30 రోజుల పద్దు రాయండి. నెలాఖరున జేబులో డబ్బుతో సరిచూడండి. ఎంత తేడా వచ్చింది?
2. 5,000 రూపాయలు మూడు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి వడ్డీ ఎంత? రూపాయి వడ్డీకి తెస్తే ఎంత? (జవాబు: 1,800, 600)
3. రోజుకు 10 రూపాయల చిరుతిండి తినే విద్యార్థి ఏడాదిలో 300 రోజులకు ఎంత ఖర్చు పెడతాడు? రోజు విడిచి రోజు తింటే ఎంత మిగులుతుంది? (జవాబు: 3,000, 1,500)
4. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ డ్వాక్రా పాసుపుస్తకం తీసుకుని పక్కన కూర్చుని చదివి వినిపించండి. ఎంత కట్టారు, ఎంత మిగిలింది, వడ్డీ ఎంత అన్నది ఆమెకు అర్థమయ్యేలా చెప్పండి. దీనికి జవాబు మేము ఇవ్వలేము, అమ్మ ముఖంలో కనిపిస్తుంది.

తమ్ముళ్ళారా, పంచాంగంలో ఆదాయ వ్యయాల పక్కనే రాజపూజ్యం, అవమానం కూడా ఉంటాయని మొదట చెప్పుకున్నాము. అప్పులవాడు గుమ్మంలో నిలబడినప్పుడు ఆ నాలుగు గడులూ ఎందుకు పక్కపక్కనే రాశారో మాకు అర్థమైంది. మీకు ఆ అనుభవం అక్కర్లేదు, ఈ పాఠం చాలు. వచ్చే వార్షికోత్సవానికి మళ్ళీ వస్తాము. బహుమతులేమీ తేము. ఎవరి దగ్గర పది నెలల పద్దు పుస్తకం ఉందో వారి పక్కన కూర్చుని భోజనం చేస్తాము.